బ్రేకు ముట్టుకోని మనిషి

నవంబరు ఆరో తేదీ, గురువారం, ఉదయం. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. కొండ మీది ఊరి నుంచి కింది ఊరికి దిగే రోడ్డు మొదట్లో, మైలురాయి పక్కన హాజరైనవారు వీరు: ప్రభుత్వం తరఫున వచ్చిన తనిఖీ అధికారి, మోటారుసైకిళ్ల కంపెనీ మేనేజరు, అదే కంపెనీలో పనిచేసే ఇంజనీరమ్మాయి, పరీక్ష సామాను మోసే వ్యానుకు డ్రైవరు, కింది ఊళ్లో కళ్లద్దాల దుకాణం నడిపే ఒక అక్క, ఆ అక్కకు తమ్ముడు. తమ్ముడి తల మీద హెల్మెట్ ఉంది, చెవిలో రేడియో ఉంది, ముఖంలో మాత్రం ఏమీ లేదు.

ఏమీ లేకుండా ఉంచడానికి అతను ఎంత శ్రమపడుతున్నాడో గమనించింది అక్క ఒక్కతే.

"ఏరా, ఆ పిల్లని పలకరించవా?"

"పలకరించాను."

"ఎప్పుడు?"

"ఇందాక. బండి తాళం ఇమ్మన్నాను."

"అబ్బో! ఎంత ప్రేమగా అడిగావో!"

ఇంజనీరు వ్యాను తలుపు దగ్గర నిలబడి, తీగలు సరిగ్గానే ఉన్నాయని తెలిసీ మళ్లీ వాటినే సరిచూస్తోంది. ఆమె అటు తిరిగినప్పుడు అతను ఇటు చూస్తున్నాడు. అతను అటు తిరిగినప్పుడు ఆమె ఇటు చూస్తోంది. రెండు చూపులూ ఒకే రోడ్డు మీద ఎదురుబొదురుగా వస్తూ, చివరి క్షణంలో పక్కకు తప్పుకుంటున్నాయి.

ఆ రోజు పరీక్షకు నిలబడింది నిజానికి వీళ్లెవరూ కాదు. బండి సీటు కింద ఇమిడిపోయిన ఒక చిన్న పెట్టె. రోడ్డు ఎంత వాలుగా ఉందో అదే పసిగట్టి, ఇంజనును బిగబట్టి, అవసరమైతే రెండు చక్రాల బ్రేకుల్నీ తానే మెత్తగా నొక్కి, నడిపేవాడు ముందుగా చెప్పిన వేగాన్ని మించి బండిని దిగనివ్వదు. కాగితాల మీద దానికొక పొడుగాటి ఇంగ్లీషు పేరు ఉంది. వర్క్‌షాపులో అందరూ దాన్ని కళ్లెం అంటారు. దాన్ని తయారుచేసింది ఆ ఇంజనీరు.

మేనేజరు కళ్లద్దాల అక్క తమ్ముణ్ణి భుజం మీద చెయ్యివేసి పక్కకు తీసుకుపోయాడు.

"బాబూ, ఒక్క మాట. కిందికి చేరేదాకా ఏం జరిగినా బ్రేకు మాత్రం ముట్టుకోకు. ముట్టుకున్నావో, టెస్టు ఫెయిల్. ఇదే ఆఖరి చాన్సు. కళ్లెం అటకెక్కుతుంది, మా అమ్మాయి పెట్టె సర్దుకుంటుంది."

"పెట్టె సర్దుకోవడం ఎందుకండీ?"

"ఇక్కడ ఇంకేం పని ఉంటుంది ఆమెకి? మా రెండో ఫ్యాక్టరీకి వేస్తారు. రాత్రంతా రైల్లో కూర్చోవాలి, అంత దూరం. నీకు చెప్పలేదా?"

"చెప్పలేదండీ."

"చెప్పదు. మొండిఘటం. నువ్వు మాత్రం గుర్తుంచుకో. బ్రేకు జోలికి పోకు."

అతను తల ఊపాడు. హెల్మెట్ లోపల తల ఊపితే పైకి అంతగా తెలియదు. కానీ ఆ ఊపులో ఒక నిర్ణయం స్థిరపడిపోయింది. ఆమె మీద కోపం ఉంది. ఆమె వెళ్లిపోతుందన్న మాట వినగానే ఆ కోపం ఎటు పోయిందో అతనికే తెలియలేదు.

ఇద్దరికీ మాటలు ఎలా పోయాయో చెప్పాలంటే, ముందు మాటలు ఎలా కలిశాయో చెప్పాలి.

ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఇదే రోడ్డు మీద ఇంజనీరు తల పట్టుకుని కూర్చుంది. కంపెనీలో పరీక్షకు బండ్లు నడిపేవాళ్లు చెయ్యి తిరిగిన మనుషులు. అదే చిక్కయింది. వాలు మొదలవగానే వాళ్ల వేళ్లు వాళ్లకు తెలియకుండానే బ్రేకు మీదికి పోతాయి. వేలు తగలగానే కళ్లెం పక్కకు తప్పుకుంటుంది. మనిషి చెయ్యి పడిన చోట యంత్రం చెయ్యి తీసెయ్యాలన్నది ఆమె పెట్టిన నియమమే. దాంతో ఒక్క దిగుడూ పూర్తికావడం లేదు.

"వేళ్లు హ్యాండిల్ మీదే ఉంచమన్నానా?" అని ఆమె అరిస్తే, "ఉంచానండీ, అవే పోయాయి," అని వాళ్లు చేతులు చూపించేవాళ్లు.

అలా చెడిన ఒక దిగుడు తర్వాత వ్యాను మలుపు తిరిగేసరికి, రోడ్డు మధ్యలో ఒక మనిషి బండిని నడిపించుకుంటూ దిగుతున్నాడు. బండి వెనక పెద్ద అట్టపెట్టె కట్టి ఉంది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. ఇంజనీరు కిటికీలోంచి తల బయట పెట్టింది.

"ఏమండీ, బండి చెడిందా?"

"లేదండీ, లక్షణంగా ఉంది."

"పెట్రోలు అయిపోయిందా?"

"నిన్ననే కొట్టించాను."

"మరి నడిపించుకుపోతున్నారేం?"

"దిగుడు కదండీ."

"దిగుడైతే?"

"దిగుతున్నాను."

"బండి ఉన్నది ఎక్కడానికండీ!"

"ఎక్కేటప్పుడు నన్ను అదే తీసుకొచ్చింది. దిగేటప్పుడు దాన్ని నేను తీసుకెళ్తున్నాను. బాకీ ఉంచుకోకూడదు కదా!"

"మీ ఇద్దరి షికారు వల్ల మా పని ఆగిపోయింది."

"హారన్ కొట్టి ఉంటే పక్కకి జరిగేవాళ్లం."

"వాళ్లం?"

"నేనూ, బండీ."

డ్రైవరు నవ్వు దాచుకోవడానికి స్టీరింగు మీదికి వంగిపోయాడు. ఇంజనీరు కిటికీ అద్దం పైకెత్తేసింది. ఆ కోపంతోనే ఆఫీసుకు పోయి మేనేజరుతో ఒక మాట అంది. ఆ మాట సంగతి తర్వాత.

మర్నాడు ఆమె కళ్లద్దాల దుకాణానికి వెళ్లింది. ఆ అట్టపెట్టె మీద దుకాణం పేరు అంత పెద్ద అక్షరాల్లో ఉంటే వెతకడం ఏమంత కష్టం? ఇరుకైన గది. మూడు గోడలకూ అద్దాలు. అద్దాల ముందు వరసలుగా ఫ్రేములు. మూలబల్ల మీద ఫ్రేముల్ని వేడిచేసి మెత్తబరిచే సన్నపూసల గిన్నె. ఎటు చూసినా తన ముఖమే కనబడి ఆమెకు చిరాకు వేసింది.

"మీ తమ్ముడి చేతులు కావాలండీ," అంది అక్కతో.

అక్క చేస్తున్న పని ఆపి, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి, ఆమెను పైనుంచి కిందికి చూసింది. "చేతులు మాత్రమే ఇవ్వం అమ్మా. తీసుకుంటే మొత్తం తీసుకోవాలి."

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. మూడు గోడల్లోనూ ఎర్రబడ్డాయి.

దిగుడులో బండి నడిపే అలవాటు బొత్తిగా లేని చేతులు కావాలనీ, అలవాటు లేని వేళ్లకు కొత్తగా నేర్పడం సులువనీ ఆమె వివరించింది. అతను అంతా విని, "నేను నేర్చుకుంటే, ఇంక బండి తోసుకుంటూ రానక్కర్లేదా?" అని అడిగాడు.

"అక్కర్లేదు."

"అయితే సరే. చెప్పులు అరిగిపోతున్నాయి."

అతని భయానికి ఒక కథ ఉంది. అది క్యాంటీన్లో కాఫీ తాగుతూ చెప్పాడు. వెనకటికి ఒకసారి కొండ మీది ఊరికి ఇవ్వవలసిన కళ్లద్దాలు ఆ ఊళ్లో దుకాణం మూసి ఉండటంతో వెనక్కి తెస్తూ, తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు నొక్కాడు. బండి జారింది. అతనికి మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. పెట్టెలో ఒక్క అద్దం మిగల్లేదు.

"తర్వాత?"

"తర్వాతేముంది! మళ్లీ చేసి ఇచ్చేదాకా పై ఊళ్లో ఎవరూ ఎవర్నీ గుర్తుపట్టలేదు. బస్సు డ్రైవరు కూడా అందులో ఉన్నాడు."

ఆమెకు కాఫీ పొలమారింది.

సాధన ఫ్యాక్టరీ గేటు దగ్గరి చిన్న ర్యాంపు మీద మొదలై, గోడౌను వెనకాల వాలుకు పెరిగి, చివరికి కొండ రోడ్డుకు చేరింది. అతను ముందు బండి మీద. ఆమె వెనక వ్యానులో, నోటి దగ్గర రేడియోతో.

"వేళ్లెక్కడ?"

"హ్యాండిల్ మీదే."

"నిజంగా?"

"చూపించమంటే తీసి చూపిస్తాను."

"వద్దు మహాప్రభో! నేను చెప్పేదాకా బ్రేకు ముట్టుకోవద్దు, తెలిసిందా?"

"మీరు చెప్పేదాకా ముట్టుకోను."

ప్రతి దిగుడుకూ ముందు ఈ రెండు మాటలూ చెప్పుకోవడం వాళ్లకు ఆటయింది. రోడ్డు చివర ఆమె "ఇప్పుడు" అనేది, అతను ఆపేవాడు. వ్యాను కోసం మలుపు దగ్గర ఆగినా, లారీకి దారి ఇచ్చినా, అన్నీ ఆమె చెబితేనే. నేర్చుకునే రోజులకు మాత్రమే పెట్టుకున్న ఆ కట్టుబాటు అతని వేళ్లలో శాశ్వతంగా స్థిరపడిపోతోందని అన్నీ కొలిచి చూసే ఆ ఇంజనీరు కొలవలేదు. ఆమె మాట వింటూ దిగుతుంటే భయం వెయ్యడం లేదన్న సంగతే అతనికి తెలుసు, ఎందుకో ఆలోచించలేదు.

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. వ్యాను వెనక తలుపు ఎత్తి, దాని కింద ఇద్దరూ కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. వాన మొహమాటం లేకుండా వాళ్ల మోకాళ్ల దాకా వచ్చి, ఇద్దర్నీ ఒకరి పక్కకు ఒకరిని జరిపింది. డ్రైవరు ముందు సీట్లో నిద్రపోతున్నాడు. గురకైతే పెడుతున్నాడు.

"మీ కళ్లద్దాలు ఎడమ పక్కకి వాలాయి," అన్నాడతను.

"పుట్టుకతోనే అంత."

"కళ్లద్దాలతో పుట్టారా?"

"ముక్కు సంగతండీ నేను చెప్పేది."

"ముక్కులో ఏ లోపమూ లేదు. నేను చాలాసార్లు..." అని నాలిక కరుచుకున్నాడు.

"చాలాసార్లు?"

"చూశాను. వృత్తిరీత్యా."

"ఓహో. వృత్తిరీత్యా ఇంకేం చూశారు?"

"నవ్వేటప్పుడు ఫ్రేము పైకి లేస్తుంది. కోప్పడేటప్పుడు కిందికి జారుతుంది. ఆ లెక్కన బిగించాలంటే ఏ కొలత తీసుకోవాలో తెలియడం లేదు."

ఆమె కళ్లద్దాలు తీసి అతని చేతిలో పెట్టింది. అతను జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీసి, ముక్కు మీద ఆనే బుడిపెల్ని సవరించి, మళ్లీ ఆమె చెవుల మీదికి తానే తొడిగాడు. అప్పటిదాకా మసకగా ఉన్న అతని ముఖం ఒక్కసారిగా అంత దగ్గర్లో, అంత స్పష్టంగా కనబడేసరికి ఆమె చూపు పక్కకు తిప్పుకోవడం మరిచిపోయింది.

"ఎలా ఉంది?"

"వాన తగ్గినట్టుంది," అందామె.

వాన తగ్గలేదు. ముందు సీట్లో గురక మాత్రం ఆగింది.

అలా సాగుతున్న వ్యవహారాన్ని మేనేజరు ఒక్క పలకరింపుతో చెడగొట్టాడు. చివరి పరీక్షకు వారం ముందు, వర్క్‌షాపులో అందరూ ఉండగా, అతని చెయ్యి పట్టుకుని ఊపేస్తూ అన్నాడు: "ఓహో! మా పిరికి రైడరుగారంటే మీరేనా! మా అమ్మాయి మొదటిరోజే చెప్పింది. 'ఈ రోడ్డు మీద ఇంతకంటే పిరికి మనిషి దొరకడు సార్, ఇతన్నే పట్టుకుందాం' అంది. భలే పట్టుకుంది!"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నవ్వి, హెల్మెట్ బల్ల మీద పెట్టి, బయటికి నడిచాడు. ఆమె గేటు దాకా పరుగెత్తింది.

"ఆగండి! అది మొదటిరోజు మాట. కోపంలో అన్నాను."

"అబద్ధమేం కాదుగా."

"నిజమే అయినా..." అని, అన్నాక ఆ మాట ఎంత పొరపాటో ఆమెకు తెలిసింది.

"ఒక్కటి చెప్పండి. ఈ కాఫీలూ, వ్యానులో కబుర్లూ, అవన్నీ నా భయం పోగొట్టడానికా? టెస్టులో భాగమా?"

కాదు అంటే సరిపోయేది. కానీ అడిగిన ప్రతిదానికీ కచ్చితమైన జవాబు చెప్పడం ఆమెకున్న జబ్బు.

"కొంత భాగం," అంది.

మిగతాది ఏమిటని అతను అడగలేదు. "గురువారం వస్తాను. మాట ఇచ్చాను కాబట్టి," అని వెళ్లిపోయాడు.

అదీ సంగతి. ఇక మళ్లీ ఆ గురువారానికి వద్దాం.

బండి కదిలింది. వెనక వ్యాను కదిలింది. వ్యానులో డ్రైవరు పక్కన ఇంజనీరు. వెనక సీట్లలో అధికారి, మేనేజరు, అక్క. రేడియోలో అతని మాటలు అందరికీ వినబడేలా స్పీకరు డబ్బా ఒకటి ముందు అమర్చారు.

"వేగం?" అడిగిందామె.

"ఇరవై ఐదు."

"కళ్లెం?"

"పట్టుకుంది."

ఇంకేమీ లేదు. వేళ్లెక్కడ అని ఆమె అడగలేదు. చూపించమంటారా అని అతను అనలేదు. ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగుల్లా మాట్లాడుకోవడం చూసి అక్క పైకే నిట్టూర్చింది.

అయితే బండి దిగుతున్న తీరు చూడముచ్చటగా ఉంది. వాలు పెరిగిన చోట బరువుగా, వాలు తగ్గిన చోట తేలికగా, వేగంలో మాత్రం తేడా లేకుండా, ఎవరో వెనక నుంచి తోక పట్టుకుని మెల్లగా వదులుతున్నట్టు దిగుతోంది. అతని వేళ్లు పదీ హ్యాండిల్ చుట్టూ ముడుచుకుని ఉన్నాయి. అధికారి మెచ్చుకోలుగా గొంతు సవరించుకున్నాడు. మేనేజరు చేతులు నలుపుకున్నాడు.

ఆ రోడ్డులో ఒకచోట పెద్ద మలుపు ఉంది. పై భాగంలో ఉన్నవాళ్లకు, మలుపు తిరిగి కింది భాగానికి చేరినవాళ్లు కిటికీలోంచి నేరుగా కనబడతారు. బండి మలుపు తిరిగింది. వ్యాను ఇంకా పైనే ఉంది. ఇంజనీరు కిటికీలోంచి కిందికి చూసింది.

రాత్రి వానకు గట్టు విరిగి ఎర్రమట్టి, రాళ్లు రోడ్డుకు అడ్డంగా కుప్పపడి ఉన్నాయి. ఆ చివర నుంచి ఈ చివర దాకా సందు లేదు. తెల్లవారకముందే కంపెనీ మనుషులు రోడ్డు పొడవునా చూసి రెండు చివర్లా మూసివచ్చారు. ఆ తర్వాత విరిగినట్టుంది.

బండి నేరుగా ఆ కుప్ప వైపే పోతోంది. కళ్లెం తన పని తాను నిక్కచ్చిగా చేస్తోంది. దానికి తెలిసింది వాలే గాని దారి కాదు.

చూశాడు, ఇప్పుడు బ్రేకు పడుతుంది, అనుకుందామె. పడలేదు. ఇప్పుడు, అనుకుంది. వెనక ఎర్రదీపం వెలగలేదు. అప్పుడు ఆమెకు అర్థమైంది. నేను చెప్పేదాకా ముట్టుకోవద్దని చెప్పింది ఎవరు?

"బ్రేకు!" అని అరిచింది. "బ్రేకు పట్టుకో! నువ్వు ముందు ఆగు! టెస్టు తగలబడనీ, నువ్వు ఆగు!"

ఎర్రదీపం వెలిగింది. బండి ఒక్క వణుకైనా లేకుండా నెమ్మదించి, ముందు చక్రం మట్టికుప్ప అంచును తాకీ తాకకుండా ఆగింది. ఆగిన సంతోషంలో కాలు కింద పెట్టడం అతను మరిచిపోయాడు. బండితో సహా, ఎంతో గంభీరంగా, పక్కకు ఒరిగి మెత్తని బురదలో కూర్చున్నాడు.

వ్యాను ఆగకముందే ఆమె దూకేసింది. రోడ్డు వెంట పోయే ఓపిక లేక గట్టు మీద నుంచే జారుకుంటూ దిగి, అతని ముందు నిలబడింది.

"దెబ్బ తగిలిందా?"

"లేదండీ."

"చెయ్యి కదుపు. ఆ చెయ్యి కూడా. మెడ?"

"అన్నీ కదులుతున్నాయండీ."

"అయితే చెప్పు. బుద్ధుందా నీకు? కొండంత కుప్ప కనబడుతోంది కదా, ఎందుకు ఆపలేదు?"

"మీరు చెప్పలేదు కదా."

"నేను చెప్పకపోతే వెళ్లి గుద్దేస్తావా?"

"బ్రేకు పట్టుకుంటే టెస్టు ఫెయిలన్నారు మేనేజరుగారు. ఫెయిలైతే మిమ్మల్ని దూరం పంపేస్తారట. అదేదో ఆలోచిస్తుండగానే కుప్ప దగ్గరికొచ్చింది. ఆఖరికి పట్టుకునేవాణ్ణే..."

"ఎప్పుడు? ఆసుపత్రిలోనా?" అంది. మరుక్షణం బురద అని కూడా చూడకుండా అతని పక్కనే చతికిలబడింది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి ఆమె గొంతులోంచి వచ్చింది. "అంత దూరం పోతే ఏమయ్యేది? రైళ్లు లేవా? సెలవులు లేవా? నువ్వు ఉంటే ఎంత దూరమైనా వచ్చేదాన్ని. నువ్వే లేకపోతే ఎక్కడికి రావాలి?"

అతను బురద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే పట్టుకుని, ఆమెను చూస్తూ ఉండిపోయాడు.

ఈలోగా మిగతావారు చేరుకున్నారు. అక్క ముందు తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచి, తర్వాత అదే వీపు నిమిరింది. "మెట్లు దిగడానికే రెయిలింగు పట్టుకునేవాడివి కదరా. ఈ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందిరా నీకు?"

"ధైర్యం కాదక్కా. అలవాటు."

మేనేజరు ముఖం పాలిపోయింది. "అయిపోయింది. బ్రేకు ముట్టుకున్నాడు. అంతా అయిపోయింది."

తనిఖీ అధికారి ఆయన్ని పట్టించుకోకుండా, ప్యాంటు మడిచి, బురదలో జాగ్రత్తగా అడుగులు వేస్తూ బండి దగ్గరికి వచ్చాడు.

"బాబూ, నువ్వు బ్రేకు పట్టుకోగానే యంత్రం వదిలేసిందా?"

"వదిలేసిందండీ."

"నీ చేతిని లాగలేదా? పెనుగులాడలేదా?"

"లేదండీ. బండి మొత్తం నా చేతికే వచ్చేసింది."

"చక్రం జారిందా? ఇంత తడిగా ఉంది."

తడి రోడ్డు మీద తాను గట్టిగా బ్రేకు నొక్కాడనీ, ఏమీ కాలేదనీ అప్పుడే అతనికి తట్టింది. "జారలేదండీ," అన్నాడు తనలో తాను ఆశ్చర్యపోతూ. "అస్సలు జారలేదు."

"మంచిది. నేను చూడాలనుకున్నది ఇదే. కింద వంతెన దగ్గర రేడియోలో చెప్పి ఆపిద్దామనుకున్నాను. మనిషి కావాలనుకున్నప్పుడు తప్పుకోని యంత్రానికి ఎవరైనా సంతకం పెడతారా?"

"అంటే... బ్రేకు ముట్టుకుంటే ఫెయిల్ కాదా సార్?" అడిగాడు మేనేజరు.

"ఎవరు చెప్పారు?"

అందరూ మేనేజరు వైపు చూశారు. మేనేజరు మట్టికుప్ప వైపు చూశాడు.

"ఇదిగో చూడండి," అన్నాడు డ్రైవరు, "వ్యానులో పార ఉంది. సార్‌కి ఇప్పుడు ఖాళీయే కదా."

మేనేజరు పార అందుకున్నాడు. ఆయనా డ్రైవరూ కలిసి బండి పట్టేంత సందు చేసేసరికి ఎండ పొడ వచ్చింది. వ్యాను పట్టే దారి చెయ్యడానికి వాళ్లిద్దరూ అక్కడే ఉండిపోయారు.

"మిగిలిన దారి ఇద్దరు కూర్చుని దిగాలి," అన్నాడు అధికారి. "బరువు పెరిగితే ఎలా పట్టుకుంటుందో అదీ చూడాలి, లెక్కంతా పెట్టెలో నమోదవుతుంది. వెనక ఎవరు కూర్చుంటారు?"

అక్క నోరు తెరిచింది. ఇంజనీరు అప్పటికే కూర్చుంది. అక్క నోరు మూసుకుంది.

తాను చేసిన కళ్లెం మీద తాను దిగడం ఆమెకు అదే మొదటిసారి. ఎప్పుడూ వెనక వ్యానులోనే. ఇప్పుడు వ్యాను లేదు, రేడియో లేదు. బురదలో పడి అది మూగబోయింది. రోడ్డు చెట్ల మధ్య నుంచి మెల్లగా కిందికి పోతోంది. ఆకుల మీద నిలిచిన వాన, గాలి వీచినప్పుడల్లా తన వంతు గుర్తొచ్చినట్టు నాలుగు చుక్కలు రాల్చుతోంది.

"ఏమిటీ ఇంత నెమ్మది? ఎంతకి పెట్టావు?"

"పదిహేనుకి."

"ఇరవై ఐదు కదా పెట్టాల్సింది!"

"బరువెక్కువైంది కదండీ."

"ఏమన్నావు?"

"తొందరేముందీ అన్నాను."

ఆమె చేతులు మొదట సీటు పట్టీ మీద ఉన్నాయి. తర్వాత ఎప్పుడు చేరాయో, అతని నడుము చుట్టూ ఉన్నాయి.

"ఆ రోజు కొంత భాగం అన్నారు. మిగతాది ఏమిటని నేను అడగలేదు," అన్నాడతను.

"ఇప్పుడు అడుగు."

"ఏమిటి మిగతాది?"

"కాఫీ తాగించడం టెస్టు కోసం. రెండో కాఫీ నా కోసం. వ్యానులో కబుర్లు మొదట్లో టెస్టు కోసమే. వాన పడ్డప్పటి నుంచి కాదు. సాధన ఎప్పుడో అయిపోయింది, తెలుసా? నీ వేళ్లు కుదురుకున్నాక కూడా ఇంకోసారి, ఇంకోసారి అని నేనే పొడిగించాను. మేనేజరుకి డేటా చాల్లేదని చెప్పాను."

"అబద్ధం చెప్పారా? మీరు?"

"ఒక్కటే."

"పిరికివాణ్ణి కదా, ఇంకోసారి అడుగుతాను. నిజంగానేనా?"

"నువ్వు పిరికివాడివి కాదు. నా మాట మీద నమ్మకంతో మట్టికుప్పలోకి పోయేవాడివి. దానికి ఇంకో పేరుంది, అది తర్వాత తిడతాను. కానీ ఇక ముందు నేను చెప్పేదాకా ఆగకు. నీకు ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగు."

అతను వెంటనే బ్రేకు పట్టుకున్నాడు. బండి ఆగింది. ఈసారి కాలు కింద పెట్టడం మరిచిపోలేదు. హెల్మెట్ అద్దం ఎత్తి వెనక్కి తిరిగాడు.

"ఇక్కడ ఆగాలనిపించింది," అన్నాడు. "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

తొలిసారి అతను 'నువ్వు' అనడం ఆమెకు ఎంత బాగుందంటే, జవాబు చెప్పడానికి ముందు ఆ మాటను ఇంకోసారి అనిపించుకుంది. తర్వాత సరేనంది. చెట్టు మీది వాన తన వంతు నాలుగు చుక్కలూ ఇద్దరి మీదా రాల్చింది.

వాళ్లు వంతెన చేరేసరికి వెనకే వ్యాను కూడా వచ్చేసింది. అధికారి దిగి చేతి గడియారం చూసుకున్నాడు. "దారిలో ఆగారా?"

"ఒకసారి బ్రేకు పరీక్షించామండీ," అందామె.

"ఫలితం?"

"తృప్తికరం," అన్నాడతను.

అక్క ఇద్దరి ముఖాలూ చూసింది. అడగవలసింది ఏమీ మిగల్లేదు. "అమ్మాయీ, మీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలి?" అంది నేరుగా.

"మా నాన్నతో అండీ. కానీ ఆయన ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు."

"నీకంటేనా?"

"నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను."

"అడగనీ. మా వాడు కచ్చితంగా జవాబులు చెప్తాడు, నువ్వు పక్కనుండి 'ఇప్పుడు' అంటే చాలు," అని అక్క ఆమె బుగ్గ మీది బురద తన కొంగుతో తుడిచింది. "మొత్తం తీసుకోవాలని మొదట్లోనే చెప్పాను కదమ్మా."

అధికారి వంతెన పిట్టగోడ మీద కాగితం పరిచి, అక్కడికక్కడే నివేదిక రాశాడు. వాలులో వేగం అదుపు తప్పలేదు. మనిషి బ్రేకు పట్టుకోగానే యంత్రం తప్పుకుంది. ఇద్దరి బరువునూ ఆపుకుంది. ఆమోదించవచ్చు. కింద ఒక షరతు చేర్చాడు: ఈ యంత్రం వేగాన్ని మాత్రమే చూస్తుంది, దారిని నడిపేవారే చూసుకోవాలి, ఎప్పుడు ఆగాలో వారే నిర్ణయించుకోవాలి అన్న మాట ప్రతి బండి హ్యాండిల్ మీదా కనబడేలా అతికించాలి.

"ఇది నేను ముందే ఆలోచించాల్సింది," అంది ఇంజనీరు మెల్లగా.

"ఇప్పుడు ఆలోచించారుగా. మరి మీరు ఇక్కడే ఉంటారన్నమాట?" అన్నాడాయన మేనేజరు వైపు చూస్తూ.

"ఇక్కడే, ఇక్కడే! ఇంత పని పెట్టుకుని ఎక్కడికి పంపుతాం సార్!" అన్నాడు మేనేజరు, మోచేతుల దాకా ఎర్రమట్టితో.

"బాబూ, చివరిగా ఒకటి. ఇదే రోడ్డు మీద మళ్లీ ఈ బండి మీద దిగుతావా? నీ మాటల్లోనే రాసుకోవాలి."

"దిగుతానండీ. వెనక ఈమె ఉంటే."

అధికారి కలం ఆపాడు. "అది యంత్రంలో భాగం కాదు కదయ్యా. ఇందులో ఎలా రాయను?"

"దానికి వేరే కాగితం ఉంటుంది లెండి," అంది అక్క. "దాని మీద సాక్షి సంతకానికి మిమ్మల్నే పిలుస్తాం. ముందు ఇది కానివ్వండి."

ఆయన 'దిగుతాను' అని మాత్రం రాశాడు. అతను సంతకం చేశాడు; ఆమె చేసింది; మేనేజరు చెయ్యి కడుక్కుని వచ్చి చేశాడు; అతని తరఫు బంధువుగా అక్క, వాహనం నడిపినవాడిగా డ్రైవరు చేశారు. అందరికంటే చివర అధికారి తన పేరు రాసి, కింద తేదీ వేసి, సిరా ఆరేదాకా కాగితాన్ని ఎండకు పట్టుకున్నాడు. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో ఉంచుకుని, పైనుంచి గుండీ పెట్టుకున్నాడు.